దుంగల ఇంటికి గచ్చు

బొల్లారంలో మీ ఇల్లెక్కడ అని ఎవరైనా అడిగితే, చిన్నప్పుడు నేను "చర్చి వెనక" అని చెప్పి ఊరుకునేదాన్ని. చర్చి వెనక ఇళ్ళు చాలా ఉండేవి. అడిగినవాళ్ళు వాటిలో మంచిదేదో ఒకటి మాది అనుకోవాలని నా ఆశ. ఆ ఆశను పక్కనున్నవాళ్ళు నిలవనిచ్చేవారు కాదు. "అదే, కట్టెలు పేర్చిన ఇల్లు" అని ఎవరో ఒకరు అందించేవారు. దాంతో అడిగినవాళ్ళ ముఖం మారేది, నా తల వంగేది.

మా ఇంటి గోడలకు రాయి లేదు, ఇటుక లేదు. అన్నీ టేకు దుంగలే. ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడుకోబెట్టి, మూలల్లో గాడి తీసి కూర్చి, కొసలు బయటికి పొడుచుకొచ్చేలా వదిలేసిన ఇల్లు. ఎక్కడో మంచు కురిసే దేశం నుంచి వచ్చిన ఒక దొరకు తన ఊరి ఇంటి మీద బెంగ పుట్టిందట. మా తాతను పిలిచి, ఇసుకలో కర్రతో గీసి చూపించి, ఇలాంటిది కట్టిపెట్టమన్నాడట. మేం వడ్లవాళ్ళం. తాత అప్పటిదాకా నాగళ్ళు, తలుపులు, బండి చక్రాలు చేసినవాడే తప్ప దుంగలతో గోడ లేపినవాడు కాదు. అయినా లేపాడు. గాలి కూడా దూరనంత బిగువుగా కూర్చాడని దొర మురిసిపోయాడట. దేశానికి వెళ్ళిపోతూ, ఇంటిని చూసుకుంటూ ఇందులోనే ఉండమని తాతకే అప్పజెప్పి పోయాడు. అలా ఆ ఇల్లు మా నెత్తిన పడింది.

అడ్డంగా పేర్చిన దుంగలను చూస్తే మనవాళ్ళకు ఏం గుర్తొస్తుందో వేరే చెప్పాలా? కాష్టం. మా చుట్టాల్లో ఒక్కరు కూడా ఆ కప్పు కింద అన్నం ముట్టేవారు కాదు. పెళ్ళికి పిలవడానికి వచ్చినా వాకిట్లోనే నిలబడి బొట్టు పెట్టి పోయేవారు. అందరిలోకీ గట్టివాడు మా మేనమామ. జనగామ దగ్గరి పల్లెలో ఆయనదీ వడ్లపనే. "నిలబడ్డ కట్టె స్తంభమైతది, పండుకున్న కట్టె కాష్టమైతది. కాష్టంల కాపురమేంది?" అనేవాడు. మరి దూలం పడుకునే ఉంటుంది కదా మామా అని నేనొకసారి అడిగాను. జవాబు ఆయన చెప్పలేదు, అమ్మ చెప్పింది. ఆ తొడపాశం మంట సాయంత్రం దాకా పోలేదు.

మామ ఏటా బతుకమ్మకు ముందు అమ్మకు చీర తెచ్చేవాడు. వాకిట్లో వేపచెట్టు కింద మంచం మీద కూచునేవాడు. అమ్మ లోపల వండి, విస్తరి, చెంబు, గిన్నెలు ఒక్కొక్కటే బయటికి మోసుకెళ్ళి అక్కడే వడ్డించేది. దారిన పోయేవాళ్ళు చూసేవారు. సొంత చెల్లెలి ఇంటికి వచ్చి చెట్టు కింద తింటున్న అన్న! గిన్నెలు తీసుకుని లోపలికి వచ్చేటప్పుడు అమ్మ మా ముఖాలు చూసేది కాదు. ఆమెకు నగల మీద మోజు లేదు, చీరల మీద లేదు. పుట్టింటివాడు తన ఇంట్లో పీట మీద కూచుని ఒక్క పూట తినాలి. ఆమె కోరిందల్లా అదే.

నాయిన సంగతి వేరు. ఆయనకు ఆ ఇల్లంటే పిచ్చి. మృగశిర నాడు ఊరంతా చేపల కోసం పరుగెత్తుతుంటే, మా నాయిన వేపనూనె, అవిసెనూనె డబ్బాలతో దిగేవాడు. వానలు పడకముందే ఇంటికి నూనె పెట్టాలి. పాత ధోతి గుడ్డలు ముంచి ఇల్లంతా రుద్దేవాళ్ళం. దుంగల మధ్య సందుల్లో సున్నం, బెల్లం నీళ్ళలో నానిన జనుము పీచు కూరేవాళ్ళం. "టేకు సుత ఊపిరి తీస్కుంటది బిడ్డా. దానికి గాలి ఆడాలె, గంతే. మనకంటె ఎక్కువ బతుకుతది" అనేవాడు. ఆ నూనె కంపు నా జడలోంచి వారం దాకా పోయేది కాదు. బడిలో పిల్లలు ముక్కు మూసుకుని "కాష్టం పిల్ల వచ్చింది" అనేవారు. తాత మీద, దొర మీద, ఆ దొరకు బెంగ పుట్టించిన ఆయన ఊరి మీద నాకు ఒళ్ళు మండేది.

రజాకార్ల గోల ముదిరిన ఏడు, వానాకాలంలో, మామ అత్తనూ పిల్లలనూ బండిలో ఎక్కించుకుని మా వాకిట్లోకి వచ్చాడు. ఊళ్ళో ఉండే రోజులు కావని, బొల్లారంలో అయితే కొంత నయమని వచ్చాడు. పారిపోయి వచ్చిన మనిషి, ప్రాణభయంతో వచ్చిన మనిషి, అయినా మా గడప తొక్కలేదు. బండి మీద టార్పాలిన్ కప్పి దాని కిందే కాపురం పెట్టాడు. వాన ఏకధారగా పడుతోంది. మేం లోపల వెచ్చగా పడుకుని ఉంటే, అమ్మ తోడబుట్టినవాడు పిల్లలతో వాకిట్లో తడుస్తున్నాడు. అత్త పిల్లలనైనా లోపలికి పంపుదామని చూసింది. మామ కన్నెర్ర చేశాడు. దారినపోయే ఒక ముసలామె ఆగి, "ఏందమ్మా, వానల అన్నను బయట పండబెట్టినవ్?" అని అమ్మను మందలించి పోయింది. అమ్మ కిటికీ మూసేసింది.

ఆ మధ్యాహ్నమే నాయినను అడిగింది.

"ఇగో, ఒక్కటడుగుత. కాదనొద్దు. దుంగలు కనబడకుండ గోడలకు గచ్చు చేయుండ్రి."

నాయిన నవ్వులాట అనుకున్నాడు. "వానకాలంల గచ్చా? కట్టె తడి మీదున్నది. గిప్పుడు మూసేస్తే లోపల్లోపల్నే కుళ్ళుతది."

"కుళ్ళితే కుళ్ళనీయుండ్రి. నా అన్న కంటె ఎక్కువనా కట్టె? సిగ్గుతోని నా పానం పోతున్నది."

నాయిన ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు కార్ఖానా బస్తీకి వెళ్ళి సున్నంపని చేసే భాయిని పిలుచుకొచ్చాడు. ఆయన ముస్లిం. మాలాగే తెలుగు మాట్లాడేవాడు, నాయినకు పనిలో పాత స్నేహితుడు.

ఏళ్ళ తరబడి నూనె తాగిన టేకు మీద సున్నం నిలవదు. నిలవాలంటే కట్టెను గరుకు చేయాలి. అంటే దుంగ దుంగకూ గాట్లు పెట్టాలి. నాయిన తాతగారి బాడిసనే తీశాడు. దసరాకు పసుపు కుంకుమ పెట్టి మేం మొక్కే బాడిస అది. దాన్ని కళ్ళకద్దుకుని, గోడ ముందు కాసేపు నిలబడి, మొదటి దెబ్బ వేశాడు. ఆ తర్వాత ఆగలేదు. ఏటవాలుగా, ఒక వరస ఇటు, ఒక వరస అటు. కోపంలో కూడా మా నాయిన చేయి వంకర పోలేదు. మూలల్లో బయటికి పొడుచుకొచ్చిన కొసలను కోయడానికి మాత్రం ఒప్పుకోలేదు. వాటి చుట్టూ ఇటుకలతో స్తంభాలు లేపి కప్పేశాడు. మామ బండి కింద కూచుని బీడీ కాలుస్తూ ఇదంతా చూశాడు. వద్దు బావా అని ఒక్క మాట అనలేదు.

సున్నం భాయి మాత్రం మొదటి రోజే మా నడింట్లో కూచుని కడుపునిండా తిన్నాడు. నాకు సంబరమైంది. "చూడవే అమ్మా, మనింట్ల తిన్నరు!" అన్నాను. "ఆయనకేం, వాళ్ళల్ల కాష్టం లేదు గద. అది లెక్కల్కి రాదు" అంది అమ్మ. ఒక మనిషి మన అన్నం తిని బాగుందంటే అది లెక్కలోకి రాదట! అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమై ముఖం చెల్లదు.

గచ్చు పూర్తవుతుండగానే పైన విమానాలు తిరగడం మొదలైంది. పోలీస్ చర్య అన్నారు. నాలుగు రోజులు ఎవరం బయటికి పోలేదు. తర్వాత ఒక పొద్దున బొల్లారం సడక్ మీద భూమి అదిరింది. టాంకులు. జనం దండలు పట్టుకుని పరుగెత్తారు. మామ బండి కింద నుంచి లేచి, ఎన్నో రోజుల తర్వాత ఒళ్ళు విరుచుకుని నవ్వాడు. అదే పొద్దున, పనికి వచ్చి మా ఇంట్లోనే చిక్కుకుపోయిన సున్నం భాయి వెనక గదిలో గోడకు ఆనుకుని కూచున్నాడు. కార్ఖానాలో తన ఇంటి దాకా నడిచి పోవడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. ఒకరి భయం తీరిన రోజే ఇంకొకరి భయం షురూ అయింది. "జెర సల్లబడేదాక ఈడనే ఉండు భాయ్" అన్నాడు నాయిన.

ఆ రోజే మామ మా ఇంట్లో తింటానన్నాడు. గోడలు తెల్లగా, నున్నగా, నాలుగు మూలలా స్తంభాలతో, ఎవరిదో షావుకారి ఇల్లులా ఉంది. అమ్మ పెట్టెలోంచి కొత్త పీట తీసింది. వండుతూ వండుతూ వెనక గది తలుపు దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి, "మా అన్న తినేదాక జెర బయటికి రాకు భాయ్" అంది. "ఫికర్ చేయకు అక్కా" అన్నాడాయన లోపలినుంచి. ఆ గోడలకు గచ్చు పూసిన చేతులు ఆయనవే. ఆ గచ్చు ఉంది కాబట్టే లోపలికి వచ్చిన మనిషి తిని లేచేదాకా ఆయన ఆకలితో చీకటి గదిలో కూచున్నాడు. నేను రెండు గదుల మధ్య గడప మీద నిలబడ్డాను. ఎటు చూడాలో తెలియలేదు.

మామ లోపలికి వచ్చాడు. గోడలను ఒకసారి కలయజూశాడు. పీట మీద కూచున్నాడు. మెడ బిగించుకుని, ఎవరో తరుముతున్నట్టు గబగబా తిన్నాడు. అమ్మ ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ వడ్డిస్తూనే ఉంది. చేయి కడుక్కుని మామ అన్నాడు: "ఇగ ఊరికి పోతం చెల్లె. మిలిటరీ వచ్చింది గద, ఇగ డర్ లేదు."

సాయంత్రానికి బండి కదిలింది. ఇల్లంతా గాట్లు పెట్టి, గచ్చు పూసి సంపాదించుకున్నది ఆ ఒక్క పూట. అమ్మ అయినా సంతోషంగానే ఉంది. పీటను కడిగి, తుడిచి, అటక మీద పెట్టింది. మళ్ళీ దాని మీద మమ్మల్నెవరినీ కూచోనివ్వలేదు. మామ పోయాక సున్నం భాయికి వడ్డిస్తే, ఆయన ముద్ద కలుపుతూ, "అన్న మంచిగ తిన్నడా అక్కా?" అని అడిగాడు. అమ్మ ఆయనకు ఇంకో గరిటె అన్నం వేసింది.

మరుసటి మృగశిరకు మా ఇంట్లో నూనె డబ్బాలు లేవు. నూనె పెట్టడానికి కట్టె ఏదీ కనబడదు కదా. నాయిన అరుగు మీద ఊరికే కూచున్నాడు. అప్పుడప్పుడు లేచి గోడను వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వినేవాడు. ఏడాది ఏడాదికీ ఆ చప్పుడు బరువెక్కింది. ఒకనాడు అడుగున గచ్చు పగిలిన చోట సన్నగా మట్టి గీత కనబడింది. చెదలు. నాయిన దాన్ని కాలితో చెరిపేశాడు. మర్నాటికి మళ్ళీ వచ్చింది. గచ్చు తీసేద్దామని ఆయన అనలేదు, అమ్మా అనలేదు. బతుకమ్మకు వచ్చిన మామ గోడలు ఎంత తెల్లగా ఉన్నా పనుందని చెప్పి వాకిట్లోంచే మళ్ళిపోయేవాడు. అయినా, ఏమో, వచ్చే ఏడు కూచుంటాడేమోనని ఆమె ఆశ.

నిజాం పేరు మాత్రం మిగిలి, ఢిల్లీ మనుషులు రాజ్యం నడిపిస్తున్న రోజుల్లో, పాత కట్టడాలను చూసే ఆఫీసరు ఒకాయన బొల్లారం బంగ్లాలు చూడటానికి వచ్చాడు. మా ఇంటి ముందు నడిచిపోతూ ఆగిపోయాడు. వానకు మా మూల స్తంభం ఒకటి పగిలి, ఇటుకల మధ్య నుంచి దుంగ కొస బయటపడింది. ఆయన చేతికర్రతో ఇంకో రెండు ఇటుకలు రాల్చి లోపలికి తొంగి చూశాడు. దుంగ మీద దుంగ. ఆయన ముఖం మొదట వెలిగిపోయింది, తర్వాత ఎర్రబడింది. అప్పటికే ఇరుగుపొరుగు పోగయ్యారు.

"ఏ బేవకూఫ్ చేసిండు ఈ పని? గిట్లాంటి ఇల్లు ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు. దీనికి సున్నం ఎవడు కొట్టిండు?"

"నేనే సాబ్" అన్నాడు నాయిన.

"ఎందుకు?"

తలుపు వెనక అమ్మ గాజులు చప్పుడు చేశాయి. నాయిన అటు చూడలేదు. "తెలివిలేక సాబ్" అన్నాడు.

జనం నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది, మా ఇంటిని కాష్టం అని పిలిచినవాళ్ళే. ఇలా చేస్తే కుళ్ళుతుందని ముందే చెప్పిన మనిషి, అందరి ముందు తలవంచుకుని తెలివితక్కువవాడినని ఒప్పుకుంటున్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అమ్మ అయితే తలుపు వెనక నుంచి కదలనే లేదు.

ఈ ఇంటిని కాపాడాలని, కలప ఇప్పిస్తానని, మంచి వడ్ల మనిషిని చూడమని ఆఫీసరు అన్నాడు. "నేనే చేస్త సాబ్" అన్నాడు నాయిన. "నువ్వా? పాడు చేసిందే నువ్వు గద!" అన్నాడు ఆఫీసరు. నాయిన చేతులు కట్టుకుని అలాగే నిలబడ్డాడు. చివరికి ఏమనుకున్నాడో, ఆఫీసరే ఒప్పుకున్నాడు.

ఎండాకాలమంతా గచ్చు ఒలిచారు. అమ్మ ఎవరూ చెప్పకుండానే తట్ట పట్టుకుంది. రాలిన సున్నం పెళ్ళలు ఎత్తి ఎత్తి వాకిట్లో పోసేది. పై దుంగలు దక్కాయి. అడుగు వరస మీద నాయిన చేయి పెడితే కట్టె అటుకుల్లా రాలింది. ఆయన ఆ పొడిని చేతిలో పట్టుకుని కాసేపు చూసి, పారబోసి, పైపంచెతో చేయి తుడుచుకున్నాడు. ఇంటిని గుంజల మీద నిలబెట్టి, కుళ్ళిన వరస తీసి, రెజిమెంటల్ బజార్ దగ్గరి కలప అడితి నుంచి తెచ్చిన కొత్త దుంగలు కూర్చాడు. దక్కిన దుంగల మీద బాడిస గాట్లు అలాగే ఉన్నాయి. చిత్రిక పట్టి నున్నగా చేస్తానంటే ఆఫీసరు వద్దన్నాడు. ఉన్న పాత కట్టెను గోరంత కూడా తీయకూడదట. మళ్ళీ మా ఇల్లు అందరికీ కనబడింది, ఈసారి ఒళ్ళంతా గాట్లతో.

బతుకమ్మ ముందు ఒకరోజు ఆఫీసరు నగరం నుంచి కొందరు పెద్దమనుషులను తెచ్చి ఇల్లు చూపించాడు. అదే వేళకు మామ బండి దిగాడు, చంకలో చీర మూటతో. గోడలు చూశాడు. వేపచెట్టు కిందికి పోయి నిలబడ్డాడు. వచ్చినవాళ్ళలో ఒకావిడ దుంగల మీద గాట్లను వేళ్ళతో తడుముతూ, "ఎంత చక్కటి నగిషీ! పాతకాలం పనివాళ్ళ చేతులే వేరండీ" అంది. ఆఫీసరుకు నిజం తెలుసు. పరువు కోసమో, జాలితోనో, ఊరుకున్నాడు. నాయిన నేల చూపులు చూశాడు.

తలుపు వెనక నుంచి అమ్మ బయటికి వచ్చింది. పరాయి మగవాళ్ళ ముందు ఆమె మాట్లాడగా నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు.

"ఈ ఇల్లు కట్టినాయన చేతిపని కాదమ్మా అది. గవి గాట్లు. నేనే పెట్టించిన. ఈ ఇంట్ల ఉంటున్నందుకు సిగ్గుపడి, గచ్చు పూయుమని నేనే ఏడిసిన. ఈయన వద్దన్నడు, కుళ్ళుతదన్నడు. తెలివిలేనిది ఈయనకు కాదు, నాకు."

చెట్టు కింద ఉన్న మామకు కూడా వినబడేంత గట్టిగా అంది. ఆవిడ చేయి గోడ మీదనుంచి తీసేసింది. పెద్దమనుషులు పొద్దుపోతోందంటూ తొందరగా వెళ్ళిపోయారు. అమ్మ ముఖం ఎర్రగా కందిపోయింది. కొంగు కప్పుకుంటుందేమో అనుకున్నాను, కప్పుకోలేదు.

లోపలికి వెళ్ళి అటక మీద పీట దించింది. నడింట్లో వేసి, ముందు విస్తరి పరిచి, అన్నం వడ్డించి గడప దగ్గరికి వచ్చింది.

"అన్నా, లోపలికి రా. అన్నం పెట్టిన."

"మునుపటిలెక్క ఈడికే తే చెల్లె."

"తేను."

మామ కొంచెంసేపు చూశాడు, నవ్వులాట ఏమోనని. తర్వాత చీర మూట నా చేతిలో పెట్టాడు, ఎద్దులను బండికి కట్టాడు. బండి సందు మలుపు తిరిగేదాకా అమ్మ గడప మీదే నిలబడింది. పిలుస్తుందనుకున్నాను. పిలవలేదు. వెనక్కి తిరిగి నాయినతో అంది:

"ఇగో, రాండ్రి. కూసోండ్రి."

"అది మీ అన్నకు వేసిన ఆకు గద" అన్నాడు నాయిన.

"కూసోండ్రి."

నాయిన ఆ పీట మీద మొదటిసారి కూచున్నాడు. ఎదురుగా గోడ, గోడ నిండా ఆయన పెట్టిన గాట్లు. అమ్మ వడ్డిస్తోంది కానీ తల ఎత్తడం లేదు. చారు పోసుకున్నాక నాయినే, గోడ వైపు చూస్తూ, మామూలుగా అన్నాడు:

"వచ్చే మృగశిరకు నూనె ఎక్కువ తేవాలె. గాట్లు శాన తాగుతయి."

"గాట్లల్ల నేను రుద్దుత" అంది అమ్మ.